పదేళ్ల పాత లాప్‌టాప్‌కి బయటి గ్రాఫిక్స్ కార్డు: మూడేళ్లు వాడాక నా మాట

నేను ఖమ్మంలో ఇళ్లకు త్రీడీ ఎలివేషన్లు చేస్తాను. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ తయారు చేసి, అందులోని సైకిల్స్ ఇంజిన్‌తో రెండర్ తీసి, అంటే ఫొటోలాంటి బొమ్మగా మార్చి, ఇంజినీర్లకు పంపుతాను. 2022 దాకా ఈ పనంతా 2012లో వచ్చిన లాప్‌టాప్ మీదే నడిచింది. అందులో ఉన్నది మూడో తరం కోర్ ఐ5, రెండే కోర్లు. ఒక వ్యూ రెండర్ అవడానికి నలభై నిమిషాలు పట్టేది. ఇంటాయన 'బాల్కనీ రంగు కొంచెం మార్చండి' అంటే మళ్లీ నలభై నిమిషాలు.

కొత్త మెషిన్ కొనే డబ్బు అప్పుడు లేదు. ఆ లాప్‌టాప్ పక్కన ఎక్స్‌ప్రెస్‌కార్డు స్లాట్ ఉంది, అదనపు కార్డులు తగిలించే పాతకాలపు సందు, పదేళ్లలో ఒక్కసారీ వాడలేదు. డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుని దానికి తగిలించే చైనా అడాప్టర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. సికింద్రాబాద్ వెళ్లి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, దానికి కరెంటు ఇచ్చే ఒక 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తెచ్చాను. అన్నీ కలిపి పన్నెండు వేలు దాటింది. ఈ కార్డునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇది 75 వాట్లే తింటుంది, నాకు దొరికిన మోడల్‌కి విడిగా పవర్ వైరు కూడా అక్కర్లేదు. నాలుగు జీబీ మెమరీ నా సీన్లకు సరిపోతుంది.

ఇప్పుడు అదే వ్యూ పది నిమిషాల్లోపే అయిపోతోంది.

ఎక్స్‌ప్రెస్‌కార్డు దారి చాలా సన్నం. డెస్క్‌టాప్‌లో కార్డుకి డేటా వెళ్లే లేన్లు పదహారు ఉంటే ఇక్కడ ఒక్కటే, అదీ రెండో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్. సెకనుకు 500 ఎంబీ దాటదు. మరి రెండర్ వేగం ఎందుకు తగ్గలేదు? సీన్ మొత్తం, టెక్స్చర్లతో సహా, మొదట ఒకసారి కార్డు మెమరీలోకి వెళ్తుంది. రెండు జీబీల సీనైనా నాలుగైదు సెకన్ల పని. ఆ తర్వాత లెక్కలన్నీ కార్డు లోపలే జరుగుతాయి, వైరు దాదాపు ఖాళీగా ఉంటుంది. గేములు అలా కాదు, ప్రతి ఫ్రేముకీ డేటా వెళ్తూనే ఉండాలి. మా తమ్ముడు ఆడి చూశాడు, ఉన్నట్టుండి ఆగి ఆగి కదిలింది. ఆటల కోసమే అయితే ఈ దారి వద్దని గట్టిగా చెబుతాను.

వీడియో ఎడిటింగ్ సంగతి కూడా లెక్క వేసుకోవచ్చు. ప్రాసెసర్ విప్పిన ఫుల్ హెచ్‌డీ ఫ్రేము సుమారు 8 ఎంబీ. సెకనుకు 25 ఫ్రేములంటే 200 ఎంబీ పైచిలుకు, పర్వాలేదు. ఫోర్‌కే అయితే దానికి నాలుగింతలు, 800 ఎంబీ దాటుతుంది. ఆ దారిలో పట్టదు. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం చిన్న సైజు నకళ్లు, చేసుకోవాల్సిందే.

మానిటర్‌ని నేరుగా కార్డుకే తగిలించండి. లాప్‌టాప్ తెర మీదే చూస్తే తయారైన బొమ్మ మళ్లీ అదే సన్నదారిలో వెనక్కి రావాలి.

మొదటి వారం మాత్రం చాలా టెన్షన్ పడ్డాను. కార్డు కనిపిస్తుంది, డ్రైవర్ వేయగానే విండోస్ కార్డుని ఆపేసి కోడ్ 43 అనే ఎర్రర్ చూపిస్తుంది. రెండు రాత్రులు దీనితోనే సరిపోయింది. సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్లు తీసేసే టూల్‌తో పాత డ్రైవర్లన్నీ తుడిచేసి మళ్లీ వేస్తే దారికొచ్చింది. బయాస్‌లో ఎక్స్‌ప్రెస్‌కార్డు స్పీడు అనే సెట్టింగ్ ఉంది, అది మొదటి తరం మీద ఉంటే ఉన్న వేగం సగమవుతుంది. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జీ అనే టూల్‌లో చూసుకోవచ్చు, కానీ కార్డు ఖాళీగా ఉన్నప్పుడు అది ఎలాగూ 1.1, అంటే మొదటి తరం, అని చూపిస్తుంది. కాస్త లోడు పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది.

ముందు ఎస్‌ఎంపీఎస్ ఆన్ చేసి, తర్వాతే లాప్‌టాప్ ఆన్ చేస్తాను. స్లీప్‌లో పెడితే లేచాక కార్డు కనిపించేది కాదు, అందుకే షట్‌డౌనే. నడుస్తుండగా వైరు లాగకూడదు. అడాప్టర్‌ని స్లాట్‌కి కలిపే ఆ వైరు చూడ్డానికి హెచ్‌డీఎంఐ లాగే ఉంటుంది, టేబుల్ కదిలినా వదులవుతుంది.

అన్నిటికంటే బాధపెట్టింది కరెంటు. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, కార్డు మాత్రం ఆగిపోతుంది. వెంటనే బ్లూ స్క్రీన్. ఒక వేసవి రాత్రి ఇంట్లో నడుస్తూ చూసినట్టుండే వాక్‌త్రూ వీడియోని ఒకే ఎంపీ4 ఫైలుగా రెండర్ పెట్టి పడుకున్నాను, తెల్లారేసరికి ఆ ఫైలు తెరుచుకోలేదు. అప్పటినుంచి ఎస్‌ఎంపీఎస్‌ని ఇన్వర్టర్ లైనుకి మార్చి, ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాను. వీడియో కూడా విడివిడి పీఎన్‌జీ ఫ్రేములుగానే తీస్తున్నాను, ఎక్కడ ఆగితే అక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

కార్డు బయట ఉంటుంది కాబట్టి దుమ్ము, బల్లుల భయం. వడ్రంగితో ప్లైవుడ్ పెట్టె చేయించి రెండు పక్కలా జాలీ కొట్టించాను. నెలకోసారి బ్లోయర్ పడతాను.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా వేరు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే, కాబట్టి నా లాప్‌టాప్‌కి దారి లేదు. ఈ కార్డు తరానికి గేమ్ రెడీ డ్రైవర్లు కూడా అదే నెలతో ఆగాయి. ఇంట్లో కార్డు ఖాళీగా పడి ఉంటే అడాప్టర్ ఒక్కటి కొని చూడండి. అన్నీ కొనాల్సి వస్తే మాత్రం థండర్‌బోల్ట్ 3 అనే వేగమైన పోర్టు ఉన్న పాత లాప్‌టాప్ వెతకండి, అందులో మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు నాలుగు దాకా దొరుకుతాయి.

నేను మాత్రం దీన్ని ఇంకా తీయలేదు. ఎస్‌ఎస్‌డీలో లినక్స్ వేసి, నెట్ అవసరమైన పనులన్నీ దానికి మార్చాను. విండోస్‌ని నెట్ లేకుండా రెండర్లకే ఉంచాను. మొన్న జీ ప్లస్ టూ ఇంటికి ఆరు వ్యూలు అడిగారు. రాత్రి భోజనానికి ముందు పెట్టాను, పడుకునేలోపు ఆరూ వాట్సాప్‌లో పంపేశాను.