ఫెంగ్‌చింగ్ టీ యాత్ర: మిరియం వేయకుండానే మిరియపు ఘాటు

అల్లం, యాలకులు, మిరియాలు ఏవీ పడకుండానే, గుటక వేశాక నాలుక చివర సన్నటి మిరియపు ఘాటు నిలిచే బ్లాక్ టీ దియెన్‌హోంగ్. చైనాకు నైరుతి మూలనున్న యున్నాన్‌లో, లిన్‌చాంగ్ ప్రాంతపు ఫెంగ్‌చింగ్ అనే కొండ ఊళ్ళో పుట్టింది. ఈ టీ యున్నాన్ రాజధాని కున్మింగ్ దుకాణాల్లో ఎంతైనా దొరుకుతుంది, అంత లోపలికి వెళ్ళడం అవసరమా అని కొందరు అడిగారు. టీ అంటే ప్రాణమైతే తప్పకుండా వెళ్ళండి. కొండలూ చెరువులూ చూడడమే కోరికైతే దారిలో వచ్చే దాలి ఊరి దగ్గర ఆగిపోయినా నష్టం లేదు.

మేము హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా కున్మింగ్ చేరాం. అక్కడినుంచి రైలు. దాలి నుంచి లిన్‌చాంగ్‌కు 2020 డిసెంబరు చివర్లో కొత్త లైను వేశారు కాబట్టి ప్రయాణం ఇప్పుడు సులువు. దారి చాలావరకు సొరంగాలే. రెండు సొరంగాల మధ్య లోయ కనిపించేది కొన్ని క్షణాలే అయినా, అందుకోసమే కిటికీ పక్క సీటు అడగండి. యున్‌షియెన్‌లో దిగి, కారు మాట్లాడుకుని ఫెంగ్‌చింగ్ వెళ్ళాం. స్టేషన్లు శుభ్రంగా ఉన్నాయి, రైళ్ళు వేళకు నడిచాయి. పాస్‌పోర్ట్ చూపించాలి కాబట్టి కాస్త ముందుగా వెళ్ళడం మంచిది.

కున్మింగ్ టీ మార్కెట్‌కు ఒక పూట చాలు. అక్కడ ప్రతి దుకాణంలోనూ ముందు పెట్టేది బంగారు రంగు మొగ్గల టీనే. చూడ్డానికి అద్భుతం, ధరా అంతే. తేనె తీపి ఉంటుంది కానీ, మేము వెతుక్కుంటూ వెళ్ళిన ఘాటు అందులో చాలా తక్కువ.

బస విషయంలో మాత్రం జాగ్రత్త. ఫెంగ్‌చింగ్ చిన్న ఊరు, విదేశీయులు అరుదు. ముందే బుక్ చేసుకున్న ఒక హోటల్‌లో విదేశీ పాస్‌పోర్ట్ నమోదు చేయడం తమకు తెలియదని రాత్రిపూట మమ్మల్ని వెనక్కి పంపేశారు. చేతిలో సామాను, చుట్టూ తెలియని భాష, నిజంగా టెన్షన్ పడ్డాం. రెండు వీధుల అవతల ఇంకో హోటల్‌లో రిసెప్షన్ అమ్మాయి పోలీసులకు ఫోన్ చేసి, అడుగడుగూ అడిగి తెలుసుకుని మరీ గది ఇచ్చింది. బుక్ చేసేముందే ఈ సంగతి ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టుకుని అడిగేయండి. గదులు పెద్దవి, వేడినీళ్ళు ఎప్పుడూ వచ్చేవి, ప్రతి గదిలోనూ కెటిల్ ఉంది. టీ కోసం వెళ్ళినవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి! డబ్బు చెల్లింపులన్నీ అలీపే అనే చైనా ఫోన్ యాప్ మీదే నడిచాయి. మన కార్డును బయలుదేరకముందే దానికి కలుపుకోవాలి.

శాకాహారులకు తిండి కాస్త కష్టమే కానీ, పొద్దున్నే దొరికే బఠాణీ పిండి జావ, దాని మీద వేసే మిరపకారం, బియ్యపు నూడుల్స్ మన నోటికి హాయిగా సరిపోయాయి. మాంసం రసం పోయవద్దని మాత్రం ప్రతిసారీ చెప్పాలి.

ఇక అసలు పని. ఊరి చుట్టుపక్కల వాలుల్లో టీ తోటలున్నాయి. ఇక్కడి చెట్టు పెద్దాకు రకం, మన అస్సాం టీ కూడా ఈ రకానిదే. అందుకే మొదటి గుక్కలో ఆ చిక్కదనం మనకు పరిచయమున్నట్టే ఉంటుంది. తేడా చేసే తీరులో ఉంది. అస్సాంలో ఎక్కువభాగం ఆకును యంత్రాల్లో తునకలు చేసి పాలల్లో మరిగేలా తయారుచేస్తారు. ఇక్కడ ఆకును వాడబెట్టి, నలిపి, గుట్టపోసి ఎర్రబడనిచ్చి, తునగకుండా ఆరబెడతారు.

ఒక చిన్న టీ తయారీ కేంద్రంలో యజమానురాలు మాకు వరసగా మూడు రకాలు పోసింది. మొదటిది ఒట్టి మొగ్గలది. మెత్తగా, తియ్యగా ఉంది. రెండోది మొగ్గతో పాటు ఆకులున్నది, వేడిగాలిలో ఆరబెట్టింది. అందులో దొరికింది మాకు కావలసినది! ముందు కాల్చిన చిలగడదుంప లాంటి తీపి, వెనక మిరియం, ఖాళీ కప్పు వాసన చూస్తే దాల్చినచెక్క. మూడోది ఎండలో ఆరబెట్టింది. అది పండు పులుపుతో వేరే దారి పట్టింది. అక్కడ ఆ ఆకుల టీ ధర మొగ్గల టీలో సగం కూడా లేదు. ఘాటు కావాలనుకునేవాళ్ళు ఖరీదైన బంగారు మొగ్గల వెంట పడనక్కర్లేదని నేను గట్టిగా చెబుతాను.

ఈ టీ పుట్టుక వెనక యుద్ధం ఉంది. జపాన్ దాడితో అన్హుయ్‌లోని చిమెన్ లాంటి పాత టీ ప్రాంతాలకు ముప్పు వచ్చింది. యుద్ధకాలంలో విదేశీ మారకం కావాలి. అప్పుడు 1938లో ఫెంగ్ షావోచియు అనే నిపుణుడు ఈ కొండలకు వచ్చి, ఇక్కడి పెద్దాకుతో బ్లాక్ టీ చేసి చూశాడు. మరుసటి ఏడాదే ఫ్యాక్టరీ పెట్టారు, టీ హాంకాంగ్ మీదుగా లండన్‌కు వెళ్ళింది. ఊరి పేరు అప్పట్లో షున్నింగ్.

షియావోవాన్ వైపు కొండమీద ఒక పురాతన టీ చెట్టుంది. వయసు 3,200 ఏళ్ళని అక్కడివాళ్ళు చెబుతారు. దారంతా మలుపులే, చెట్టును కంచె బయటినుంచి చూడాలి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు మానుకోవచ్చు. నాకు మాత్రం ఆ చెట్టు ముందు నిలబడడం చాలా గొప్పగా అనిపించింది.

ఇంటికొచ్చాక కాచే విషయం. కున్మింగ్ సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అక్కడ మరిగే నీళ్ళు నేరుగా పోసినా టీకి సరిపోతుంది. విజయవాడలో అదే పని చేస్తే వగరు ముందుకొచ్చి ఘాటును మింగేస్తుంది. నీళ్ళు మరిగాక మూత తీసి రెండు మూడు నిమిషాలు ఆగండి. మూతగిన్నె ఉంటే వంద మిల్లీలీటర్లకు ఐదు గ్రాముల ఆకు వేసి, పది సెకన్లలో వంపేయాలి. ఆ తర్వాత ప్రతిసారీ కొంచెం కొంచెం పెంచుతూ పోవచ్చు. మిరియం రెండో, మూడో వంపులో బాగా తెలుస్తుంది. పెద్ద కప్పులో అయితే మూడు గ్రాములు, మూడు నిమిషాలు.

పాలు పోస్తే చెడిపోదు, చిక్కగా బాగానే ఉంటుంది. ఘాటు మాత్రం పోతుంది. చల్లారాక టీ మసకబారితే కంగారు పడకండి, మంచి దియెన్‌హోంగ్ లక్షణమే అది. పొడిని పోపుల డబ్బాకు దూరంగా, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. వాసనలు ఇట్టే పట్టేస్తుంది.