హ్యామ్లెట్ చదువుతూ ఏ సినిమా చూస్తే మేలు?

హన్మకొండలో ఇంగ్లిష్ ఎమ్మే చదివే పిల్లలు ఏటేటా అడిగేదే. షేక్‌స్పియర్ నాటకం హ్యామ్లెట్‌కు తోడుగా ఒక్క సినిమాకే టైముంటే, తామే హ్యామ్లెట్‌గా నటిస్తూ ఒలివియర్ తీసింది (1948) చూడాలా, బ్రానా తీసింది (1996) చూడాలా?

కథ కోసమైతే ఏదైనా ఒకటే. తేడా మూడో అంకం మొదటి రంగంలో తేలుతుంది. రాజు, అతని మంత్రి పొలోనియస్ చాటున నక్కి, హ్యామ్లెట్ ప్రేమించిన ఒఫీలియాను ముందుకు తోస్తారు. ఆమె పొలోనియస్ బిడ్డే. మాటల మధ్య హ్యామ్లెట్ ఉన్నట్టుండి ‘మీ నాయిన ఎక్కడ?’ అంటాడు. ‘ఇంట్లనే’ అంటుందామె. చాటున మనుషులున్నరని అతనికి తెలుసా? షేక్‌స్పియర్ రాయలేదు. చదివేటప్పుడు మనం దాటేసి పోతాం, నటుడికి ఆ వీల్లేదు. తెలిస్తే అతను ఆమెను తిట్టే తిట్లలో సగం రాజు చెవికి, తెలియకపోతే అన్నీ ఒఫీలియాకే.

ఒలివియర్ సినిమాలో పన్నాగం ముందే హ్యామ్లెట్ చెవిన పడుతుంది. అనుమానంతోనే ఆమె దగ్గరికొస్తాడు. పైగా బతకడమా చావడమా అని హ్యామ్లెట్ తనలో తాను తర్కించుకునే ‘టు బీ ఆర్ నాట్ టు బీ’ స్వగతాన్ని ఈ రంగం తర్వాతికి జరిపాడు. దాంతో ఒఫీలియా చేసిన ద్రోహానికే చావు తలపు పుట్టినట్టు అనిపిస్తుంది. మూలంలో అది ముందే వస్తుంది. బ్రానా హ్యామ్లెట్ ఆ మాటల్ని అద్దంలోకి చూస్తూ చెప్తాడు, అద్దం వెనకే రాజు. తర్వాత ఒఫీలియాతో ఉండగా చాటునుంచి చప్పుడైతది, అప్పుడే ఆ ప్రశ్న. కోపం ఏ క్షణంలో తిరిగిందో కనిపిస్తుంది.

నా ఓటు బ్రానాకే. దాదాపు నాలుగు గంటలు, కానీ పుస్తకం చేతిలో పెట్టుకుని వెంబడించొచ్చు. ఒలివియర్‌లో రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్, ఫోర్టిన్‌బ్రాస్ పాత్రలు అసలే లేవు. నాలుగో అంకంలోని ‘హౌ ఆల్ అకేషన్స్’ స్వగతమూ పోయింది. ఆ నలుపు తెలుపు నీడలూ మెట్లూ మాత్రం మళ్లీ ఎవరికీ కుదరలేదు!

రెండింట్లోనూ పరీక్షలో ముంచేవి ఉన్నాయి. ‘మనసు తేల్చుకోలేని మనిషి విషాదం’ అంటూ ఒలివియర్ మొదట్లో చెప్పే వాక్యం నాటకంలో లేదు. హ్యామ్లెట్, ఒఫీలియా పడకమీద ఉన్నట్టు బ్రానా చూపించింది అతని ఊహ. రెంటినీ షేక్‌స్పియర్‌వని రాసి మార్కులు పోగొట్టుకోవద్దు.

నాటకంలోని రాజకీయం చూడాలంటే కోజింట్సెవ్ తీసిన రష్యన్ హ్యామ్లెట్ (1964) మంచిది. ఇదే కథను కశ్మీర్‌లో పెట్టి తీసిన హిందీ సినిమా ‘హైదర్’ (2014) సెలవుల్లో చూసుకోండి.

నాలుగు గంటలు ఒక్క బిగిన కూర్చోవద్దు. ఒక అంకం చదవడం, ఆ అంకం చూడడం. చదివేటప్పుడే, మాట్లాడకుండా నిలబడ్డవాళ్ల పేర్లు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకోండి, సినిమాలో కన్ను వాళ్లమీదే పెట్టండి. అంత టైము లేదంటే మూడో అంకం మొదటి రంగం ఒక్కటే రెండు సినిమాల్లోనూ చూడండి.