చిలికానా, భితర్కనికానా?

సంక్రాంతి సెలవులు దగ్గరపడితే ఒడిశాలోని బరంపురం తెలుగు ఇళ్లలో, విహారానికి చిలికా సరస్సుకు వెళ్లాలా, భితర్కనికా మడ అడవుల పార్కుకు వెళ్లాలా అన్న ఈ చర్చ తప్పదు.

ఖర్చులోనూ శ్రమలోనూ చిలికాదే పైచేయి. ఉదయం రైలెక్కి రంభలోనో బాలుగావ్‌లోనో దిగి, చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు. భితర్కనికాకు భద్రక్ మీదుగా చాంద్‌బాలి చేరి పడవెక్కాలి కనుక రాత్రి బస తప్పదు.

1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాకు (రామ్‌సర్ జాబితా) ఎక్కిన చిలికాలో, మంగళజోడి దగ్గర గడతో నడిపే పడవ చప్పుడు చేయదు గనుక, నల్లతోక గాడ్విట్ పక్షులు పొడవాటి ముక్కును మొదలంటా బురదలో దించి పురుగులను వెదకడం దగ్గరినుంచే కనిపిస్తుంది. ఒకప్పుడు పక్షులను వేటాడినవారే నేడక్కడ వాటిని చూపిస్తున్నారు. సాతపడా వద్ద ఇరావడీ డాల్ఫిన్లు వీపు చూపి మునిగిపోతాయి, ఫొటోపై ఆశ పెట్టుకోవద్దు. భితర్కనికాలో, మడచెట్ల శ్వాసవేళ్లు మేకుల్లా పొడుచుకొచ్చిన బురదగట్టుపై ఉప్పునీటి మొసలి నోరు తెరుచుకొని ఎండ కాగుతుంది. 1975లో మొదలైన సంరక్షణ ఫలితమది.

చిలికాలో భయం గాలి లేచినప్పుడే. భితర్కనికాలో పడవ బయట చేయి పెట్టరాదు. పైగా మే నుంచి జూలై వరకు, మొసళ్లు గుడ్లు పెట్టే కాలంలో, పార్కు మూసివేస్తారు.

పెద్దవారు, పసిపిల్లలు వెంట ఉంటే చిలికా. మూడు రోజులు తీరిక ఉండి, పక్షులకన్నా అడవిపై మక్కువ ఉంటే భితర్కనికా.