తివాచీ అడుగున ఏం వేయాలి: పర్లాకిమిడి ఇంట్లో ఏళ్ల వాడకం తర్వాత

తివాచీని కాపాడుకోవడం అనగానే చాలామంది పైన పడే మరకల గురించే ఆలోచిస్తారు. ఒడిశాలోని మా గజపతి జిల్లాలో, వానాకాలం నాలుగు నెలలూ గోడలూ నేలా చెమ్మ పీల్చుకునే ఇళ్లలో, ఊలు తివాచీకి అసలు ముప్పు అడుగు నుంచి వస్తుంది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం తివాచీ కింద నేను మార్చి మార్చి వాడిన మ్యాటుల గురించే ఉంటుంది. మిగతా జాగ్రత్తలను అవసరమైనంత మేరకు చెబుతాను.

ముందుగా తివాచీ సంగతి. మా జిల్లాలోనే మోహన బ్లాకులో చంద్రగిరి ఉంది. 1963లో అక్కడ టిబెటన్ల పునరావాస శిబిరం ఏర్పడింది. వారు నేసిన తివాచీ మాది, మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. టిబెటన్ నేతలో ఊలు దారాన్ని పడుగు పోగుల (నిలువు దారాల) చుట్టూ, అడ్డంగా పెట్టిన ఒక కడ్డీ చుట్టూ చుడుతూ వెళ్లి, వరుస పూర్తయ్యాక కడ్డీ మీది చుట్లను కత్తితో కోస్తారు. అలా కోసిన కొసలే పైకి కనిపించే కుచ్చు. మా తివాచీలో కుచ్చు ఊలు, పడుగూ పేకా నూలు. ఈ తేడా తెలిస్తే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఊలు తన బరువులో దాదాపు మూడోవంతు దాకా తేమను పట్టుకున్నా చేతికి తడిగా తగలదు. కాబట్టి పైన చెయ్యి వేసి చూసి పొడిగా ఉందనుకునే వేళకే కింద నూలు పోగులకు బూజు పట్టి ఉండవచ్చు. ఊలుకు పట్టిన మురికిని ఎలాగైనా వదిలించవచ్చు గాని, నూలు పడుగు చివికిపోతే ఆ చోట ముడులను పట్టి ఉంచేదేమీ మిగలదు.

మా హాలు పాతకాలపు ఎర్ర గచ్చు. వెనుక గదిలో టైల్స్ ఉన్నాయి. తివాచీ రెండు చోట్లా ఉండి వచ్చింది గనుక ఒకే మ్యాటు రెండు రకాల నేల మీద ఎలా పనిచేస్తుందో చూసే వీలు కలిగింది.

మొదట వాడినది బజారులో ఎక్కడైనా దొరికే, చిన్న చిన్న గళ్లతో వలలా ఉండే పీవీసీ యాంటీ స్లిప్ మ్యాటు. కొన్నాళ్ల వరకు దాని పట్టు బాగుంది. మా అత్తగారు చేతికర్ర లేకుండా నడిచినా తివాచీ అంగుళం జరగలేదు. రెండు వేసవులు గడిచాక మ్యాటు జిగటగా మారింది. పీవీసీని మెత్తగా ఉంచేందుకు కలిపే రసాయనాలు వేడికి మెల్లగా బయటికి వచ్చి, కింద ఏది ఉంటే దానికి పడతాయి. ఎర్ర గచ్చు మీద ఆ గళ్ల అచ్చు, ముగ్గు చుక్కలు పెట్టినంత స్పష్టంగా దిగింది. ఎన్నిసార్లు తుడిచినా పోలేదు. టైల్స్ మీద మచ్చ పడలేదు గాని, మ్యాటు ముక్కలు తివాచీ అడుగున నూలుకు అంటుకుని, గోటితో ఒక్కొక్కటిగా తీయవలసి వచ్చింది. పాలిష్ చేసిన నేల, గచ్చు, మొజాయిక్ ఉన్నవారికి ఈ రకం మ్యాటు వద్దనే చెబుతాను. టైల్స్ నేల మీద చౌకలో కావాలనుకునేవారు వాడుకోవచ్చు, అయితే రెండేళ్లకొకసారి మార్చక తప్పదు.

తర్వాత వాడినది ఒకవైపు ఫెల్ట్ (పోగులను నేయకుండా ఒత్తి చేసిన దళసరి గుడ్డ), మరోవైపు రబ్బరు ఉన్న మందపాటి మ్యాటు. నడిచేటప్పుడు పాదానికి హాయిగా ఉంటుంది. అడుగుల ఒత్తిడి కొంత ఫెల్ట్ తీసుకుంటుంది గనుక కుచ్చు అణగడం తగ్గింది, అది కంటికి తెలిసింది. టైల్స్ మీద దీనికి నేను పూర్తి మార్కులు ఇస్తాను. ఎర్ర గచ్చు మీద మాత్రం సంతృప్తి కలగలేదు. రబ్బరు పొర అట్టలా పూర్తిగా మూసుకుని ఉండటంతో నేలలోంచి వచ్చే చెమ్మ పోయే దారి లేక దాని కింద నీటి బిందువులుగా నిలిచింది. శ్రావణమాసంలో ఒక మూల ఎత్తి చూస్తే గచ్చు చెమటలు పట్టినట్టు ఉండేది. తివాచీ వరకు తడి రాలేదు, అది నిజమే. కాని ఫెల్ట్ అంచుల నుంచి మగ్గిన వాసన మొదలైంది.

ఇప్పుడు హాలులో వాడుతున్నది రబ్బరు లేని ఫెల్ట్ మాత్రమే. పరుపులు కుట్టేవారి దగ్గర ఇది గజాల లెక్కన దొరుకుతుంది. కొనేటప్పుడు అది పాలియెస్టర్ ఫెల్టేనా అని తప్పక అడగాలి. ఊలు ఫెల్ట్ చూడటానికి ఇంకా మేలుగా ఉంటుంది గాని, తివాచీని తినే పురుగుకు అదీ ఆహారమే. అంటే కాపలాకు పెట్టినదే విందు అవుతుంది. ఫెల్ట్‌ను తివాచీ కంటే అన్ని వైపులా ఒక అంగుళం తక్కువగా కత్తిరించాలి. అప్పుడు అంచులు నేలకు సాఫీగా వాలుతాయి, కాలికి తట్టవు. మందం అర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ ఉంటే చాలు. అంతకు మించితే అంచు మెట్టులా లేస్తుంది, పెద్దవారున్న ఇంట్లో అది ప్రమాదం. గరుకు గచ్చు మీద ఇది జారదు. టైల్స్ మీద జారుతుంది, కాబట్టి అక్కడ రబ్బరు మ్యాటునే ఉంచాను.

ఫెల్ట్ చెమ్మను ఆపదని స్పష్టంగా చెప్పాలి. అది గాలి ఆడేందుకు సందు ఇస్తుంది, అంతే. ఆషాఢం నుంచి దసరాల దాకా వారానికోసారి తివాచీని సగం మడిచి ఫ్యాను కింద గంటసేపు వదిలే అలవాటు లేకపోతే ఏ మ్యాటు వేసినా ఫలితం ఉండదు.

ఇలా ఎత్తి చూడటం వల్ల కలిగిన రెండో లాభం పురుగు విషయంలో. ఊలును తినేది ఎగిరే చిమ్మెట కాదు, దాని పిల్ల పురుగు. పెద్ద చిమ్మెటకు తినే నోరే ఉండదు. గోధుమ బంగారు రంగులో, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా ఉండి వెలుతురును తప్పించుకు తిరుగుతుంది. ఒక్కొక్కటి 40 నుంచి 50 గుడ్లు పెడుతుంది, అదీ ఎవరూ కదపని చీకటి చోట. సోఫా కిందికి వెళ్లిన తివాచీ భాగం దానికి అనువైన స్థలం. మా తివాచీలో సరిగ్గా అక్కడే, సోఫా కోడు పక్కన, రూపాయి బిళ్లంత మేర కుచ్చు కొరికి నూలు బయటపడింది. దాని చుట్టూ సాలెగూడు దారం లాంటి సన్నని గొట్టాలు, ఇసుక రేణువుల్లాంటి రెట్ట కనిపించాయి. ఆ గొట్టాలు కనిపిస్తే పురుగు ఇంకా ఉన్నట్టే లెక్క.

కలరా ఉండలు తివాచీ కింద వేసుకోమని చాలామంది సలహా ఇస్తారు. వాటి ఆవిరి మూసిన పెట్టెలో చిక్కబడితేనే పనిచేస్తుంది. తలుపులూ కిటికీలూ తెరిచిన హాలులో వాసన తప్ప ప్రయోజనం లేదు. పైగా జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పసివాళ్లలో ఈ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. చంటిబిడ్డ పాకే నేల మీద వాటిని నేను ఉంచను, ఎవరినీ ఉంచనివ్వను. వేపాకు వల్ల హాని లేదు గాని, ఎండిన ఆకు పొడి కుచ్చులో చేరి దులపడం కష్టమైంది, పురుగు ఆగినట్టు నాకు కనిపించలేదు. పని చేసింది వాక్యూమ్ క్లీనరే: తివాచీ రెండు వైపులా, ముఖ్యంగా సోఫా కింద భాగంలో, బ్రష్షు తిరగని ముక్కుతో, నెమ్మదిగా. అంచు జాలర్ల మీదికి మాత్రం పోనివ్వకూడదు. అవి పడుగు పోగుల కొసలే, వాటిని లాగితే అల్లిక వదులవుతుంది.

ఇసుక గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చెప్పులు బయట విడిచినా పాదాలతో వచ్చే సన్న ఇసుక కుచ్చు మొదట్లోకి దిగి, అడుగు పడినప్పుడల్లా ఊలును కోస్తుంది. దండెం మీద వేసి కర్రతో బాదే పద్ధతి మా వీధిలో ఇంకా ఉంది, నాకు అది బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ దెబ్బలకు పడుగు తెగుతుంది. శుభ్రమైన డాబా మీద బోర్లించి, వెనుక వైపు అరచేత్తో తట్టి, ఎత్తి చూస్తే గళ్లు గళ్లుగా ఇసుక రాలి ఉంటుంది. రాలడం ఆగే వరకు చోటు మారుస్తూ తడితే చాలు.

మరకల్లో మా ఇళ్లకు ప్రత్యేకమైనవి రెండు. పేరంటం రోజున పసుపు రాసిన పాదాలతో వచ్చేవారి అడుగులు ఒకటి, కొబ్బరినూనె తలతో పడుకునే పిల్లలు రెండు. పసుపు అడుగును సబ్బుతో తుడవకూడదు. క్షారం తగిలితే పసుపు ఎర్రబారుతుంది, బట్టల సోడా ఊలును కూడా తినేస్తుంది. పొడి గుడ్డతో అద్ది, చల్లని నీటి తడిగుడ్డతో మళ్లీ అద్ది, ఆ చోటును ఉదయపు ఎండ కాసేపు తగిలేలా ఉంచితే పసుపు దానంతటదే వెలిసిపోతుంది. ఎండ ఎక్కువైతే తివాచీ రంగూ వెలుస్తుంది కాబట్టి పూట పూటంతా వదలవద్దు. నూనెకు ఆరోరూట్ పొడి చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేస్తున్నాం, ఫలితం బాగుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాసకు సమీపంలో తీరం దాటి మా జిల్లాను కుదిపినప్పుడు, మా పెంకులు లేచి తివాచీ పూర్తిగా తడిసింది. కరెంటు లేదు, ఫ్యాను లేదు. అద్దుడు గుడ్డలతో నీరు తీసి, నులక మంచం మీద బోర్లా పరిచాం. కింది నుంచీ పై నుంచీ గాలి ఆడింది, మూడో పూటకు కుచ్చు ఆరింది, పడుగు ఆరడానికి మరికొన్ని రోజులు పట్టింది. ఎరుపు రంగు తెలుపు అంచులోకి ఒకచోట దిగింది, అంతకు మించి నష్టం లేదు. అదే నేల మీద మడత పెట్టి వదిలిన పక్కింటివారి తివాచీ వెనుక పోగులు, చేత్తో లాగితే తెగిపోయే స్థితికి వచ్చాయి.

బరువైన సామాను కోళ్ల కింద రబ్బరు బుష్షులు వేయడం, ఆరు నెలలకోసారి తివాచీని ఆ కొస ఈ కొసకు వచ్చేలా తిప్పి కిటికీ ఎండను రెండు కొసలకూ పంచడం చిన్న పనులే. మా ఇంట్లో ఇవి సంక్రాంతి సున్నాల సమయంలోనూ వానలకు ముందూ జరిగిపోతాయి.

నూలు జంపఖానాలు మాత్రమే వాడే ఇళ్లకు ఇంత శ్రమ అక్కర్లేదు. మాకు వరంగల్ జంపఖానా ఒకటి ఉంది. దానిని చిమ్మెట ముట్టదు, రెండు వైపులా వాడుకోవచ్చు, బావి దగ్గర ఉతికి ఆరేస్తే సరిపోతుంది. టైల్స్ మీద జారకుండా నాలుగు మూలలా రబ్బరు ముక్కలు పెడితే చాలు, ఫెల్ట్ కొనవలసిన పని లేదు.