సాంటోరినిలో పడవకు పెట్టిన డబ్బు, గుహ గదికి పెట్టిన డబ్బు

ఉదయం ఎనిమిదింటికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. గాలి ఎక్కువగా ఉందట, ఈ రోజు పడవ బయలుదేరదట, రేపటికి మార్చుకుంటారా లేక డబ్బు వెనక్కి ఇచ్చేయాలా అని. మా బాబు అప్పటికే ఈత బట్టలు వేసుకుని, నీళ్ల కళ్లజోడు నెత్తిన పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. బయట చూస్తే ఎండ పెళపెళా కాస్తోంది, మబ్బు తునక లేదు. వానా తుఫానూ లేకుండా పడవ ఎందుకు ఆగిందో వాడికి నచ్చచెప్పడం నా వల్ల కాలేదు.

గ్రీస్ దీవి సాంటోరిని ఉన్న ఏజియన్ సముద్రం తీరే అంత. వేసవిలో ఉత్తరం నుంచి మెల్తెమి అనే పొడిగాలి వీస్తుంది. మన వైపు పెద్ద గాలి వస్తే వెనకాలే వాన కూడా వస్తుంది. ఇక్కడ అలా కాదు, నీలాకాశం కిందే సముద్రం తెల్లగా నురగలు కక్కుతుంది. జూలై, ఆగస్టుల్లో దాని జోరు ఎక్కువ. మేం వెళ్లిన సెప్టెంబర్ చివరి వారానికి బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా వదలదు. మోతాదు మించితే చిన్న పడవల్ని పోర్టు వాళ్లే బయటికి వెళ్లనివ్వరు. అందుకే ముందుగా చెప్పేస్తున్నాను: పడవ ప్రయాణాన్ని చివరి రోజుకు పెట్టుకోకండి. దిగిన మర్నాటికే బుక్ చేసుకుంటే, రద్దయినా చేతిలో ఇంకో రోజు ఉంటుంది. మాకు అలాగే కలిసొచ్చింది.

మేం నలుగురం. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల బాబు, రావులపాలెం నుంచి మూడు నెలల వీసా మీద జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మా ఇంటికి వచ్చిన మా అత్తయ్యగారు. ఆవిడ శాకాహారి, మోకాళ్ల నొప్పులు, ఈత రాదు. పైగా గోదావరి పక్కన పుట్టి పెరిగిన మనిషి. 2019లో కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్లే పడవ మునిగిపోయినప్పటి నుంచి పడవ అనే మాట ఎత్తితేనే ఆవిడకు టెన్షన్. ఈ ప్రయాణం బుక్ చేసే ముందు నాకున్న పెద్ద బెంగ కూడా అదే.

అయినా ఎందుకు బుక్ చేశామంటే, సాంటోరినిని సముద్రం మీది నుంచి చూడకపోతే అది ఏమిటో అర్థం కాదు. సుమారు 3,600 ఏళ్ల కిందట ఇక్కడ అగ్నిపర్వతం బద్దలైంది. నడుమ భాగం కూలి కిందికి దిగిపోతే సముద్రం లోపలికి వచ్చేసింది. మిగిలింది విరిగిన చేతి గాజులాంటి ఒక అంచు. ఆ అంచు మీదే ఫిరా, ఇయా లాంటి తెల్లటి ఊళ్లు. లోపలి వైపు కొండ 300 మీటర్ల దాకా నిట్టనిలువుగా ఉంటుంది. పైన ఊళ్లో నిలబడితే సముద్రమే కనిపిస్తుంది. కింద పడవలో కూర్చుంటేనే ఆ గోడలో నలుపు, ఎరుపు, బూడిద రంగు పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి.

పడవల్లో మూడు రకాలున్నాయి. వంద మందికి పైగా ఎక్కించుకునే పెద్ద చెక్క పడవలు అన్నిటికంటే చవక. అవి నేయా కమేనీ అనే అగ్నిపర్వత ద్వీపం మీద దింపి నడిపిస్తాయి. నడక బాగా వచ్చినవాళ్లకు అదే మంచిది, మా అత్తయ్యగారికి కాదు. రెండోది మొత్తం పడవను మనమే అద్దెకు తీసుకోవడం. ఆ ధర చూసి ఆ పేజీ మూసేశాం. మూడోది పదీ ఇరవై మందిని ఎక్కించుకునే కటమరాన్, అంటే జంట దోనెల మీద వేదిక కట్టినట్టుండే తెరచాప పడవ. మాది పద్నాలుగు మంది గుంపు, ఐదు గంటల ప్రయాణం. పెద్దవాళ్లకు 125 యూరోలు, బాబుకు 65, మొత్తం 440. భోజనం, రానూపోనూ వ్యాను అందులోనే.

పొద్దుటి ట్రిప్పా, సాయంత్రం ట్రిప్పా అనేది అందరూ అడిగే ప్రశ్న. మేం పొద్దుటిది తీసుకున్నాం, కొంచెం చవక, బాబు నిద్రకు ఆటంకం ఉండదని. ఒక సంగతి మాత్రం దాచను. ఊళ్లున్న కొండగోడ పడమటి ముఖం కాబట్టి పొద్దున అది నీడలో ఉంటుంది. ఫొటోల కోసమే వెళ్లేవాళ్లయితే మధ్యాహ్నం బయలుదేరేది ఎక్కండి. ఈత కోసం, పిల్లల కోసం అయితే పొద్దుటిదే మేలు. సూర్యాస్తమయం చూడటానికి పడవే అక్కర్లేదు, ఆ పక్కన ఏ గట్టు మీద కూర్చున్నా ఉచితంగా కనిపిస్తుంది.

రద్దయిన రోజును వృథా చేయకుండా అక్రోతిరి తవ్వకాలకు వెళ్లాం. మొత్తం పైకప్పు కింద ఉంటుంది కాబట్టి గాలి రోజుకు ఇంతకంటే మంచి చోటు లేదు. ఆ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన ఊరు. రెండంతస్తుల, మూడంతస్తుల ఇళ్లు, మురుగు పోవడానికి గొట్టాలు, ధాన్యం దాచిన పెద్ద పెద్ద జాడీలు. మనుషుల అస్థికలు మాత్రం దొరకలేదు, ముందే పసిగట్టి వెళ్లిపోయి ఉంటారంటారు. అత్తయ్యగారు జాడీల దగ్గర చాలాసేపు ఆగారు. "మా అమ్మమ్మ ఇంట్లో గూనలు అచ్చం ఇలాగే ఉండేవమ్మా" అన్నారు. 2025 మొదట్లో ఇక్కడ వరసగా భూకంపాలు వచ్చి వేలమంది ద్వీపం విడిచి వెళ్లారని గైడు చెప్పినప్పుడు మాత్రం నా వైపు అదోలా చూశారు. అప్పటికి అది జరిగి ఎనిమిది నెలలే అయింది మరి.

మర్నాడు పొద్దున వ్యాను 25 నిమిషాలు ఆలస్యం. హోటల్ నుంచి తీసుకెళతాం అని రాసి ఉన్నా, నిజానికి నిలబడాల్సింది మూడు వందల మీటర్ల దూరంలోని బస్టాపులో. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెంట ఉంటే ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోండి. ఫోన్ చేస్తే "రెండు నిమిషాలు" అన్నారు. రెండు నిమిషాలంటే ఎంతసేపో తెలిసినవాళ్లమే కాబట్టి నీడ చూసుకుని కూర్చున్నాం.

మా పడవ బయలుదేరేది దక్షిణ తీరంలోని వ్లిహాడా రేవు నుంచి. గాలి చెక్కిన తెల్లటి మెత్తరాతి గుట్టల పక్కన చిన్న రేవు. ఎక్కేముందు చెప్పులన్నీ ఒక బుట్టలో వేయించారు. "గుడికొచ్చినట్టుంది" అని అత్తయ్యగారు కాస్త తేలికపడ్డారు. నేను ముందుగా లైఫ్ జాకెట్ అడిగాను. బల్ల కింద నుంచి తీసి, బాబు కొలతది కూడా వెతికి ఇచ్చారు. మిగతా ఎవరూ వేసుకోలేదు. అత్తయ్యగారు చుడీదార్ మీద ఆ నారింజ రంగు జాకెట్ బిగించుకుని ఐదు గంటలూ విప్పలేదు. పడవలో పనిచేసే అమ్మాయి నవ్వకుండా, విసుక్కోకుండా ఆవిడను నడిమధ్య కుదుపు తక్కువగా ఉండే చోట కూర్చోబెట్టింది. ఆ తర్వాత రోజంతా ఆవిడను "యాయా" అనే పిలిచింది. గ్రీకులో బామ్మ అని. ఈ సంస్థకు నేను పూర్తి మార్కులు వేసేది ఈ ఒక్క విషయంలోనే.

బయలుదేరడానికి అరగంట ముందే అందరం వాంతులు రాకుండా అవోమిన్ మాత్ర వేసుకున్నాం. వేసుకోని ఒక కుర్రాడు దీపస్తంభం మలుపు తిరిగాక పడవ వెనక భాగానికి వెళ్లి చాలాసేపు రాలేదు.

మొదటి మజిలీ ఎర్ర బీచ్. ఒడ్డు నుంచి అక్కడికి వెళ్లే దారిలో కొండచరియలు విరిగిపడతాయని హెచ్చరిక బోర్డులున్నాయి, అందుకని దీన్ని నీళ్ల మీది నుంచి చూడటమే క్షేమం. ఇటుక రంగు గోడ, కింద ముదురు నీలం నీళ్లు, అంత దగ్గరగా రెండు రంగులు నేనెక్కడా చూడలేదు. అక్కడ కాక దాని తర్వాత వచ్చే తెల్ల బీచ్ దగ్గర లంగరు వేశారు. నీళ్లు కింద రాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. మా ఆయన, బాబు దూకారు. ఈత రానివాళ్లకు పట్టుకుని తేలడానికి పొడుగాటి స్పాంజి కర్రలు ఇస్తారు. నేను మెట్టు పట్టుకుని నడుము దాకా దిగాను, అంతే. తర్వాత దారిలో "ఇండియన్ రాక్" అని ఒక బండ చూపించారు. మన దేశానికేమిటి సంబంధమని ఆత్రంగా లేచాం. తీరా అది అమెరికా ఆదివాసీ నాయకుడి ముఖంలా ఉంటుందట!

1892లో కట్టిన అక్రోతిరి దీపస్తంభం మలుపు తిరిగితే గాలి ఎదురవుతుంది. ముందు భాగంలో వలలాగా బిగించిన చోట పడుకున్న జంట నిలువునా తడిసి వెనక్కి పరుగెత్తుకొచ్చారు. అక్కడ పడుకుంటే ఫొటోలు బాగుంటాయి కానీ ఫోన్లు బాగుండవు.

ఇక వేడినీటి ఊటలు. ప్రకటనల్లో వీటికే పెద్దపీట. నా లెక్కలో అన్నిటికన్నా తక్కువ మార్కులు వీటికే. పాలియా కమేనీ ద్వీపం దగ్గర చిన్న తెల్ల గుడి, దాని పక్కన ఇనుప తుప్పు రంగులో ఒక మూల. పడవ అందులోకి వెళ్లదు. లోతైన చల్లటి నీళ్లలో దూకి, చాలాదూరం ఈదుకుంటూ వెళ్లాలి. అక్కడికి చేరాక 30 డిగ్రీల పైచిలుకు, మా ఆయన మాటల్లో "గీజర్ ఆపేసిన పావుగంటకి వచ్చే నీళ్లు". గంధకానికి వెండి నల్లబడుతుంది కాబట్టి పట్టీలు, మెట్టెలు తీసేసి దిగమన్నారు. మెట్టెలు తీయాలనగానే అత్తయ్యగారి ముఖం చూసి నేను దిగడం మానేశాను. నిజానికి ఈత అంత దూరం రాదు, సాకు దొరికింది.

భోజనం అక్కడే, లంగరు వేసిన చోట. వెనక గ్రిల్ మీద చికెన్, పంది మాంసం, రొయ్యలు కాల్చారు. శాకాహారం అని ముందే రాసినా కూరగాయ ముక్కల్ని అదే గ్రిల్ మీద పెట్టబోతుంటే ఆపాల్సి వచ్చింది. అడిగితే వేరే పెనం మీద చేసిచ్చారు. అసలు విందు మాత్రం ఫావా. సాంటోరినిలో పండే ఒక పసుపుపచ్చ పప్పును మెత్తగా ఉడకబెట్టి, ఆలివ్ నూనె పోసి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి పెడతారు. అత్తయ్యగారు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇది ముద్దపప్పే కదే, నెయ్యొకటి లేదు" అని, రొట్టె పక్కన పెట్టి ఫావా రెండుసార్లు వడ్డించుకున్నారు. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన పొట్లాలు, పెరుగు పచ్చడిలాంటి జజీకి కూడా ఉన్నాయి. ఆకలితో లేచే పని లేదు. వైన్ ఎంత కావాలంటే అంత పోస్తున్నారు, తాగేవాళ్లకు అది కూడా గిట్టుబాటే.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. సెయిలింగ్ అని పేరు పెట్టి అమ్ముతారు కానీ ఐదు గంటల్లో పడవ కదిలినప్పుడల్లా దాదాపు నడిచింది ఇంజనే. ఆగాల్సిన చోట్లు ఎక్కువ, సమయం తక్కువ, గాలి ఎదురు. ఇదేమిటని అడిగితే పడవ నడిపే స్కిప్పర్ భుజాలెగరేసి, తిరాసియా ద్వీపం పక్కకు వచ్చాక ఇంజను ఆపి ముందు తెరచాప విప్పాడు. ఇరవై నిమిషాలు. ఇంజను చప్పుడు ఆగిపోయేసరికి మాట్లాడుకుంటున్న వాళ్లందరూ కూడా ఆపేశారు. చాప టపటపా రెండుసార్లు కొట్టుకుని బిగుసుకుంది, పడవ కొంచెం ఒరిగి జారుకుంటూ పోయింది. పక్క నుంచి నీళ్ల సవ్వడి తప్ప ఏమీ లేదు. అత్తయ్యగారు చిన్నప్పుడు వాళ్ల నాన్న గోదావరి మీద తెరచాప వేసిన నావలో ఎక్కించుకుని లంకకు తీసుకెళ్లిన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. పెళ్లయి పదకొండేళ్లయింది, ఈ కథ నేను ఎప్పుడూ వినలేదు, మా ఆయనా వినలేదు. మళ్లీ ఇంజను మొదలైంది, ఆవిడ ఆపేశారు. మీకు తెరచాపే ముఖ్యమైతే కటమరాన్ కాకుండా ఒంటి దోనె పడవ చూసుకోండి, బుక్ చేసే ముందే చాప ఎంతసేపు వేస్తారో అడగండి.

ఇయా కింద ఉన్న అమ్మూడి రేవులో దింపారు. పైకి వందల మెట్లు, కానీ వ్యాను అక్కడికే వస్తుంది. ఫిరా పాత రేవులో దింపే పడవలైతే 588 మెట్లు లేదా రోప్‌వే. గాడిదలు కూడా ఉంటాయి, వాటి మీద మాత్రం ఎక్కకండి, ఆ ఎండలో వాటి అవస్థ చూడలేం.

బస గురించి కూడా చెప్పాలి. మూడు రాత్రులు కమారిలో ఉన్నాం, నల్ల ఇసుక బీచ్ ఊరు, రాత్రికి 95 యూరోలు, చిన్న వంటగది, కింద కిరాణా కొట్టు. ఫిరాకు బస్సుంది, మన ఆర్టీసీలాగే కండక్టర్ లోపలే టికెట్ కొడతాడు. ఎక్కడికెళ్లాలన్నా ఫిరాలో మారాల్సిందే, అదొక్కటే చికాకు. చివరి రాత్రి ముచ్చటపడి కొండ అంచున తొలిచిన గుహ గది తీసుకున్నాం, 390 యూరోలు. రోడ్డు మీది నుంచి గదికి తొంభై మెట్లు దిగాలి, అత్తయ్యగారు ఒకసారి దిగి మళ్లీ మర్నాటి దాకా ఎక్కలేదు. లోపల చెమ్మ వాసన, కిటికీ ఒక్కటే. ముందు వసారా మాత్రం అద్భుతం, కాదనను, కానీ దాని మీదుగానే పక్క గదులవాళ్లు నడిచి వెళుతుంటారు. రెండు చోట్లా గది ధరకు అదనంగా ప్రభుత్వ రుసుము రోజువారీగా కౌంటర్లో కట్టించుకుంటారు, హోటల్ స్థాయి పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. బుకింగ్‌లో కనిపించిన మొత్తమే చివరి లెక్క అనుకోకండి.

ఆ వసారాలో కూర్చుని పొద్దున్నే టీ తాగుతుంటే కింద కటమరాన్లు వరసగా పోతున్నాయి, పైనుంచి చెప్పులంత ఉన్నాయి. బాబు ఒక్కోదాన్నీ లెక్కపెడుతున్నాడు. "వాటిలో ఒక్కటైనా చాప ఎత్తిందేమో చూడరా" అన్నారు అత్తయ్యగారు. పదకొండు లెక్కపెట్టాడు, ఒక్కటీ ఎత్తలేదు.