క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్: చిగుళ్లకు సరే, పిప్పి పన్నుకు కాదు

నల్లగొండ గడియారం సెంటర్లో గానీ, పాలమూరు బస్టాండు పక్కన గానీ మెడికల్ షాపుకు పోయి "పన్ను నొప్పికి ఏమన్నా ఇయ్యన్నా" అంటే ఓ నొప్పి గోలీ, ఓ మౌత్‌వాష్ సీసా చేతిలో పడతాయి. లేబుల్ మీద క్లోర్‌హెక్సిడిన్ గ్లూకోనేట్ 0.2 శాతం అని ఉంటే అది మందే. పుదీనా వాసన కోసం కొనే సీసాల లెక్కలోకి రాదు. చిగుళ్ల వాపుకు దీనికి ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. పన్ను లోపలి చీముకు మాత్రం సున్నా.

చిగురు ఎర్రబడి ఉబ్బడం, బ్రష్ పెట్టగానే రక్తం రావడం, నోరు వాసన కొట్టడం: ఈ దశలో బాగా పనిచేస్తుంది. అయితే పళ్ల మొదట్లో గట్టిపడ్డ గారను ఇది కరిగించదు. గార ఉన్నన్నాళ్లూ వాపు మళ్లీ వస్తూనే ఉంటుంది, కాబట్టి ముందు క్లీనింగ్ చేయించుకుని తర్వాత ఇది వాడాలి. చిగురు పన్నును వదిలి లోతుగా సంచిలా ఏర్పడితే పుక్కిలించిన మందు ఆ అడుగుకు చేరదు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు చిగుళ్ల జబ్బు ముదిరినా రక్తం అంతగా కారదు. రక్తం లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు ఈ జబ్బు తొందరగా ముదురుతుంది.

పది మిల్లీలీటర్లు, నీళ్లు కలపకుండా, ఒక నిమిషం, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. బ్రష్ చేశాక కనీసం అరగంట ఆగాలి. పేస్టులో నురగనిచ్చే పదార్థం దీని బలాన్ని తగ్గిస్తుంది. ఎక్కువమంది ఫలితం లేదనడానికి ఈ అరగంట ఆగకపోవడం ఒక కారణం. ఉమ్మేశాక వెంటనే నీళ్లతో కడగొద్దు, చాయ్ తాగొద్దు. 150 మిల్లీలీటర్ల సీసా వారానికి సరిపోతుంది. డాక్టరు చెప్పకుండా రెండు వారాలు దాటించొద్దు. మింగేసే వయసు పిల్లలకు ఇవ్వొద్దు. పన్ను పీకించుకున్న రోజు పుక్కిలించొద్దు, గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది.

ఇక పిప్పి పన్ను. చల్లటిది తాగితే జివ్వుమని, తాగడం ఆపగానే తగ్గిపోతే ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. నొప్పి చాలాసేపు సలుపుతూ, రాత్రి నిద్ర పట్టనీయకపోతే లోపలి నరం దాకా పోయినట్టు. కొరికితే పోటు, చిగురు మీద చిన్న పొక్కు, దాన్నుంచి ఉప్పగా చీము వస్తే వేరు కొస దగ్గర చీము పట్టింది. పొక్కు పగిలి నొప్పి పోయిందంటే నయమైందని కాదు, చీముకు దారి దొరికిందంతే. నరం చచ్చిన పన్నులోకి రక్తం పోదు, కాబట్టి యాంటీబయాటిక్ గోలీ కూడా ఆ లోపలికి చేరదు. వాపు తగ్గినట్టుంటుంది, కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. రూట్ కెనాల్ (పన్ను లోపలి చచ్చిన నరం తీసి, శుభ్రం చేసి మూసే వైద్యం) చేయించాలి, లేదంటే పీకించాలి. దానికి ఈ సీసా బదులు కాదు. లవంగ నూనె దూదితో పన్ను గుంటలో పెడితే కాసేపు ఉపశమనం, చిగురుకు తగిలితే పుండు పడుతుంది.

వాపు దవడ కిందికి దిగినా, కంటి దాకా ఎక్కినా, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, జ్వరం వచ్చినా అదే రోజు పెద్ద దవాఖానకు పోవాలి. ఊపిరి ఆడకపోతే ఒక్క నిమిషం ఆగొద్దు, 108కి ఫోన్ చేయాలి.

మార్కు తగ్గించింది మరకలకు. దీనివల్ల పళ్ల మీద గోధుమరంగు పూత పడుతుంది, చాయ్ తాగేవాళ్లకు ఇంకా ఎక్కువ. నాలుకకు రుచి కూడా కొన్నాళ్లు మారుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లకు ముందే మచ్చలుంటాయి, అవి ఈ మందువి అనుకుంటారు. తేడా సులువే: మందు మరక పైపైన ఉంటుంది, క్లీనింగ్, పాలిషింగ్‌తో పోతుంది. ఫ్లోరైడ్ మచ్చ పన్ను గట్టి పైపొర ఎనామెల్‌లోనే ఉంటుంది, క్లీనింగ్‌తో పోదు.