పదిమంది వేసుకునే వెయ్యి రూపాయలా, ఊరంతా వేసే ఓటా, పెద్ద సంస్థ గ్రాంటా: తిరుపతికి ఏది మేలు?

శ్రీకాళహస్తిలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి రాసిచ్చిన కాగితం నా ముందుంది. నోటు పుస్తకంలోంచి చించిన ఒకే ఒక పేజీ. ఆమెకు కావలసింది 9,400 రూపాయలు. కోరా నూలు గుడ్డ, కరక్కాయలు, పాలు, బెల్లం, పటిక, వెదురు కలాలు, పిల్లలకు బన్నులు. నల్లరంగుకు కావలసిన తుప్పు ఇనుము పాత సామాన్ల కొట్టులో ఊరికే ఇస్తారని కూడా రాసింది. స్వర్ణముఖి ఒడ్డున ఉండే పిల్లలకు పది ఆదివారాలు కలంకారీ నేర్పుతుందట. వేయించేది పురాణ కథలు కాదు, ఆ పిల్లల వీధినే: పంపు దగ్గర బిందెల వరుస, ఆటో, మేకపిల్ల. నాతో మాట్లాడినంతసేపూ చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూనే ఉంది. కాగితం మీద మాత్రం ఒక్క కొట్టివేత లేదు.

తిరుపతిలో మేం కొందరు మిత్రులం కలిసి ఇలాంటి పనులకు చిన్న గ్రాంటు నిధి పెట్టాలనుకుంటున్నాం. వేరే ఊళ్లలో నడిచిన పద్ధతులు నాలుగైదు మా ముందున్నాయి. వాటిని ఈ కాగితంతోనే తూచి చూశాను.

పెద్ద సంస్థల సంగతి ముందు చెబుతాను. బెంగళూరులో 1993లో ఏర్పడిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి కళాకారులకు, పరిశోధకులకు గ్రాంట్లు ఇస్తోంది. ఇంగ్లీషు రాకపోయినా భారతీయ భాషల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది చాలా గొప్ప విషయం. మన చిత్తూరు వైపు భారతం వీధినాటకాల మీద ఏడాదో రెండేళ్లో తిరిగి పని చేయాలనుకునేవారికి ఇలాంటి చోటే సరైనది. కానీ పది ఆదివారాల పనికి అంత దూరం వెళ్లనక్కరలేదు. పైగా అన్ని సంస్థలూ ఒకేలా ఉండవు. నాలుగేళ్ల కిందట మా వీధి గ్రంథాలయం కోసం ఒక సంస్థకు దరఖాస్తు పెడితే మూడేళ్ల ఆడిట్ లెక్కలు పంపమన్నారు. మా గ్రంథాలయం పుట్టి అప్పటికి అయిదు నెలలు. ఆ ఉత్తరం చదివిన రోజు కోపం కన్నా బాధే ఎక్కువ కలిగింది. ఇప్పుడిప్పుడే నడక నేర్చుకుంటున్న పనికి చేయూత ఇచ్చేవారెవరు?

ఆన్‌లైన్‌లో జనం దగ్గర సేకరించడం గురించి ఎక్కువ చెప్పను. 2009లో మొదలైన అమెరికా వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో పెట్టుకున్న లక్ష్యం నిండితేనే డబ్బు చేతికి వస్తుంది. మన దేశంలో ఉన్నవారు అక్కడ సొంతంగా ప్రాజెక్టు తెరవలేరు. మన దేశంలోని ఇలాంటి వెబ్‌సైట్లు మిలాప్, కెట్టోలలో ఎక్కువగా కనిపించేవి వైద్య ఖర్చుల విన్నపాలు. ఒక పసిబిడ్డ ఆపరేషన్ పక్కన కరక్కాయల లెక్క పెట్టడానికి ఎవరికైనా మనసు రాదు. అదీగాక, ఇవ్వగలిగిన పరిచయస్తులు ఎక్కువ ఉన్నవారికే అక్కడ కలిసివస్తుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో పెట్టిన చందా విందు, డెట్రాయిట్ సూప్. 2010లో మొదలైంది. తలుపు దగ్గర అయిదు డాలర్లు ఇస్తే సూపు, సలాడ్, రొట్టె, వాటితో పాటు ఒక ఓటు. నలుగురు లేచి తలా నాలుగు నిమిషాలు తమ ఆలోచన చెబుతారు. వచ్చినవాళ్లు కలిసి తిని, మాట్లాడుకుని ఓటేస్తారు. గెలిచినవారికి ఆ రోజు వసూలైన సొమ్ము ఇస్తారు. పక్కవీధిలో ఎవరు ఏం చేస్తున్నారో తెలియని ఊళ్లో డబ్బు కన్నా ఆ పరిచయమే పెద్ద లాభం. మన పల్లెలకు ఇది కొత్త కాదు. పద్దెనిమిది రోజుల భారతం పెట్టుకుంటే పగలు హరికథ, రాత్రి నాటకం, ఆఖరి రోజు మట్టితో పోసిన దుర్యోధనుడి భారీ బొమ్మ. ఇంటికింత అని చందా వేసుకోకపోతే అది ముందుకు సాగేదా?

అయితే చందా ఎప్పుడూ నలుగురూ ఎరిగినదానికే పడుతుంది. భారతానికి వెంటనే ఇస్తారు. మేకపిల్లను గుడ్డ మీద గీయించడానికి ఇవ్వాలంటే ఆలోచిస్తారు. ఓటు పెడితే బంధువులను ఎక్కువమందిని తెచ్చుకున్నవారిదే పైచేయి అవుతుందన్న భయమూ నాకుంది. ఎనభైమంది ముందు మైకు పట్టుకుని నాలుగు నిమిషాలు మాట్లాడమంటే ఈ అమ్మాయి అసలు రాదు. ఆమె బలం చేతిలో ఉంది, గొంతులో లేదు.

ఇక ఆసమ్ ఫౌండేషన్. 2009లో బోస్టన్‌లో మొదలై ఎన్నో నగరాలకు పాకింది. పదిమంది తలా వంద డాలర్లు తమ జేబులోంచి తీసి, ప్రతి నెలా ఒకరికి వెయ్యి డాలర్లు ఇస్తారు. వాటా అడగరు, షరతులు పెట్టరు. ఏ ఊరి బృందం ఆ ఊరిదే. తొలినాటి గ్రాంట్లలో ఒకటి బోస్టన్‌లో జనం కోసం ఒక పెద్ద ఊయల కట్టడానికి వెళ్లింది. ఏ పథకంలోనూ ఊయల అనే పద్దు ఉండదు. పదిమందికి నచ్చితే మాత్రం ఆ నెలలోనే అయిపోతుంది.

ఆ డబ్బునే అడుగుదామని ఒక మిత్రుడన్నాడు. అది జరిగే పని కాదు. సాంస్కృతిక కార్యక్రమానికి విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. కనుక పద్ధతి వాళ్ల దగ్గర తెచ్చుకుందాం, డబ్బు మనమే వేసుకుందాం. తలా వెయ్యి చొప్పున నెలకు పదివేలు.

బ్యాంకులో పనిచేసి రిటైరైన అన్న ఒకాయన బిల్లులు అడగాల్సిందే అంటున్నారు. ఆయన మాట తీసివేయలేను. కానీ పచారీ కొట్టులో శేరు కరక్కాయలకు బిల్లెవరు ఇస్తారు? బిల్లుల కోసం తిరిగే పూటలో ఒక ఆదివారం పాఠం పోతుంది. దానికి బదులు మనలో ఇద్దరం ఒక ఆదివారం వెళ్లి, పిల్లల మధ్య కూర్చుని చూసి వద్దామన్నాను. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

ఈ పద్ధతిలో నాకు కనిపించే అసలు లోపం వేరు. పదిమందీ ఒకే కాలేజీవాళ్లు, ఒకే వీధివాళ్లు అయితే గ్రాంట్లు కూడా ఆ వీధి దాటవు. మా జాబితాలో ఇప్పటికి ఏడుగురున్నాం. ఏడుగురం నెల జీతగాళ్లం, అందులో ఆరుగురం మగవాళ్లం. మిగిలిన మూడు చోట్లనైనా గంగమ్మ జాతరలో వేషం కట్టేవారికి, మాధవమాలలో కొయ్య బొమ్మలు చెక్కేవారికి, బడి పంతులమ్మకు ఉంచాలి. నెలకు వెయ్యి బరువైతే ఇద్దరు కలిసి చెరి అయిదు వందలు వేసుకుని ఒక చోటు పంచుకోవచ్చు. దరఖాస్తు తెలుగులో ఒక్క పేజీ చాలు. రాయడం రానివారు ఫోనులో చెప్పి పంపినా వినాలి.

సూప్ పద్ధతిని పూర్తిగా వదులుకోవాలని నాకు లేదు. ఆర్నెల్లకోసారి గ్రాంటు తీసుకున్నవారందరినీ పిలిచి, ఇడ్లీ, సాంబారు పెట్టి, చేసిన పని చూపించమందాం. ఓటు వద్దు, కలిసి తినడం చాలు.

మొదటి నెల డబ్బు శ్రీకాళహస్తి కాగితానికే వెళ్లాలని నేను గట్టిగా అడగబోతున్నాను. బెల్లం నీళ్లలో ఇనుము ఊరి నల్లరంగు దిగడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. వచ్చే నెల మొదటి ఆదివారానికి పిల్లల చేతికి కలం ఇవ్వాలంటే ఆ కుండ ఈ వారమే పెట్టాలి.